పాప మెదడుకి మా మామ కాపలా

నేను కోడిగుడ్ల మీద పీహెచ్‌డీ చేశాను. ఈ మాట చెప్పగానే మా బంధువుల్లో సగం మంది నవ్వు ఆపుకుంటారు, మిగతా సగం ఆ కష్టం కూడా పడరు. బోనకల్‌లో ఒక పెళ్ళిలో మా పెదనాన్న అందరి ముందూ, "ఐదేండ్ల సంది కోడిగుడ్డు మీద ఈకలు పీకుతున్నది మా పిల్ల, ఇంకా అయిపోలె" అన్నాడు. భోజనాల బంతి మొత్తం ఘొల్లుమంది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. విస్తరి ముందు నుంచి లేచి వెళ్ళిపోయాను. కాసేపటికి ఆకలేసి మళ్ళీ వచ్చి కూర్చున్నాను, అది వేరే సంగతి.

అసలు నేను చేసింది ఇది. పొదుగుతున్న గుడ్లలోంచి పిండాల మెదళ్ళు తీసి, రోజు రోజుకీ అవి ఎలా మారుతున్నాయో చూసేదాన్ని. మెదడులో ఉండే సన్నని రక్తనాళాల గోడలు ఒంట్లో మిగతా చోట్ల ఉన్నట్టు ఉండవు. కణానికీ కణానికీ మధ్య సందు లేకుండా గట్టిగా కుట్టేసి ఉంటాయి. అయితే ఆ కుట్టు ఒక్కటే చాలదు. కొవ్వులో కరిగే పదార్థాలకి సందుతో పని లేదు, గోడలోంచే నానుకుంటూ లోపలికి పోతాయి. అలాంటివాటి కోసం గోడలోనే కొన్ని ప్రోటీన్లు కూర్చుని ఉంటాయి. వాటిని రవాణా ప్రోటీన్లు అంటారు. లోపలికి వస్తున్నదాన్ని సగం దారిలో పట్టుకుని మళ్ళీ రక్తంలోకే గెంటేయడం వాటి పని. దానికి బోలెడు శక్తి ఖర్చవుతుంది, ఆదివారాలు కూడా సెలవుండదు.

నేను వాడిన రంగు ఒకటి ప్రత్యేకమైన దీపం కింద మెరిసేది. చిన్న పిండానికి ఆ రంగు ఇస్తే మెదడంతా వెలిగిపోయేది. పిల్ల బయటికి వచ్చే రోజు దగ్గర పడేకొద్దీ ఆ వెలుగు తగ్గుతూ వచ్చేది. రంగు అదే, ఇచ్చిన తీరూ అదే. గెంటేసేవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చేరుతున్నారన్నమాట. ఐదేళ్ళు చూసినా నాకు అది విసుగు పుట్టలేదు. రక్తనాళానికి ఈ విద్య తనంతట తనకి రాదు, చుట్టూ ఉన్న మెదడు కణాలు నేర్పాలి. మనుషుల పిల్లల్లోనూ దాదాపు ఇదే వరస. పుట్టేనాటికి గోడ ఉంటుంది. తిండి మోసుకొచ్చే ప్రోటీన్లు పనిలో ఉంటాయి. గెంటేసేవాటిలో కొన్ని తొందరగానే వస్తాయి గానీ, ముఖ్యమైనవి కొన్ని పుట్టాక కూడా నింపాదిగా పెరుగుతూ ఉంటాయి.

ఇదంతా నాకు నిద్రలో లేపి అడిగినా వచ్చు. ఆ సంగతి ముందే ఒప్పుకుంటున్నాను, తర్వాత తెలియక చేశానని అనుకోకూడదు.

పెళ్ళయిన ఎనిమిదేళ్ళకి నాకు ఆడపిల్ల పుట్టింది. ఖమ్మంలో నేను పాఠాలు చెప్పే కాలేజీకి సెలవు పెట్టి, పురిటికి సారపాకలో అమ్మ దగ్గరికి వచ్చాను. ఆపరేషన్ చేసి బిడ్డని తీశారు. నాన్న లేడు. అమ్మ, ఆమె తమ్ముడు, అంటే మా మేనమామ, ఒకే వాకిట్లో రెండు పోర్షన్లలో ఉంటారు. మామ పెళ్ళి చేసుకోలేదు. పేపరు మిల్లు గేటు దగ్గర ముప్ఫై ఏళ్ళు సెక్యూరిటీ గార్డుగా చేసి రిటైరయ్యాడు. రిటైరయ్యాడని కాగితం వచ్చింది గానీ మనిషి డ్యూటీ దిగలేదు. వీధిలోకి కొత్త బండి వస్తే దాని నంబరు చూసుకున్నాకే టీ తాగుతాడు.

గొడవ ఐదో రోజున మొదలైంది. ఎర్రుపాలెం నుంచి మా పెద్దమ్మ వచ్చింది. చీర కొంగులో వస కొమ్ము ముడేసుకుని తెచ్చింది. సానరాయి మీద అరగదీసి నాలుక మీద రాస్తే పాపకి మాటలు తొందరగా వస్తాయట. అదే సమయానికి పక్కింటావిడ నీలగిరి తైలం సీసాతో దిగింది. చుట్టూ ఆ తైలం తీసే జామాయిల్ తోటలున్న ఊరు మాది, ఆ సీసా లేని ఇల్లుండదు. ఎదురింటావిడ కర్పూరం కరగబెట్టిన కొబ్బరి నూనె తెచ్చింది. ముగ్గురూ కలిసి పాప మీదికి వంగారు. నేను మంచం మీంచి కేకలు పెట్టాను, కుట్లు లాగాయి. కేకలకి ఎవరూ ఆగకపోయేసరికి పాఠం చెప్పడం మొదలుపెట్టాను. నాకు చేతనైన రెండో పని అదే.

"మన తలకాయల గోడ ఉంటది, గోడల కాపలోళ్ళు ఉంటరు, సగం లోపలికి వచ్చినదాన్ని గూడ పట్టి గెంటుతరు. పాపకు గోడ ఉన్నది గానీ కాపలోళ్ళు ఇంకా సరిగ్గ రాలె. మనకేం చెయ్యని మందు గూడ ఆ మెదడులకు పోయి కూసుంటది" అన్నాను.

పెద్దమ్మ ఆవలించింది. గుమ్మం దగ్గర నిలబడి వింటున్న మామ మాత్రం ఒళ్ళు నిటారు చేశాడు.

"అంటే పోస్టులు శాంక్షనైనయ్, మనుషులు జాయిన్ కాలె. గంతేనా కోడలా?"

"అవ్ మామా, గంతే." నా గైడ్‌తో సహా నా పరిశోధనని ఇంత పొట్టిగా ఎవరూ చెప్పలేదు.

"అందరు ఒక్కసారే జాయినయితరా?"

"లేదు. కొందరు ముందుగాల వస్తరు. కొందరు మెల్లగ, వారం వారం పెరుగుకుంట వస్తరు."

"ట్రైనింగ్ ఎవలిస్తరు?"

"చుట్టుపక్కల ఉన్న కణాలు."

"అప్పటిదాంక గేట్ల ఎవలుంటరు?"

"ఎవ్వరుండరు. మనమే జాగ్రత్తగ ఉండాలె."

"ఉంట" అన్నాడు మామ.

ఆ 'ఉంట' ఎంత పెద్ద మాటో నాకు మర్నాడు పొద్దున గానీ తెలియలేదు. లేచి చూసేసరికి మా గది గుమ్మానికి అడ్డంగా ప్లాస్టిక్ కుర్చీ, చిన్న బల్ల. కుర్చీలో మామ, ఒంటి మీద పాత ఖాకీ చొక్కా, మెడలో విజిల్. బల్ల మీద రూళ్ళ నోటుబుక్కు. అందులో స్కేలు పెట్టి గడులు గీశాడు. వచ్చినవారు, సంతకం, ఊరు, వచ్చిన పని, వెంట తెచ్చిన వస్తువు, చేతులు కడిగినది లేనిది, బిడ్డను తాకిన భాగం. చివరి గడి చూసి నాకు నవ్వాగలేదు.

"మామా, తాకిన భాగమేంది?"

"రేపు ఏమన్న అయితే ఎంక్వయిరీ ఉంటది కోడలా" అన్నాడు ఆయన, తల ఎత్తకుండా.

మా ఊళ్ళో మంచి అట్టకి కొదవ లేదు. మామ అట్ట ముక్కలు కత్తిరించి పాసులు చేశాడు. ఆకుపచ్చ గీత ఉన్నది బంధువులకి, నీలం గీత ఇరుగుపొరుగుకి, ఎర్ర గీత తుమ్మేవాళ్ళకి. ఎర్ర గీత పాసుతో లోపలికి రావడానికి లేదు. మరి పాసెందుకు అని అమ్మ అడిగింది. "వాపస్ పంపినట్టు రుజువు ఉండాలె గద అక్కా" అన్నాడు. తుమ్మినవాళ్ళు ఆ అట్ట ముక్క చేత్తో పట్టుకుని, ఏం చేయాలో తెలియక, ఇంటికి పట్టుకుపోయేవారు.

పెద్దమ్మ రెండోసారి ప్రయత్నించింది. ఈసారి వస కొమ్ము జాకెట్లో దాచింది. మామ ఆడవాళ్ళని తాకడు, కానీ ముప్ఫై ఏళ్ళ అనుభవం. ఎదురుగా నిలబడి ఊరికే ఆమె మొహంలోకి చూస్తూ ఊరుకున్నాడు. రెండు నిమిషాలు చూశాడు. పెద్దమ్మ తనంతట తనే కొమ్ము తీసి బల్ల మీద పెట్టింది. "పోయేటప్పుడు తీస్కపో" అని చిన్న చీటీ రాసిచ్చాడు. అరవై ఐదేళ్ళ పెద్దమ్మ ఆ చీటీ చించి, "నా చెల్లెలి ఇంట్ల నాకు గేటా, నీ గేటుల మన్నువడ" అని వీధంతా వినపడేలా తిట్టింది. మామ ఆ మాట కూడా రాసుకున్నాడు.

శనివారం ఖమ్మం నుంచి మా ఆయన వచ్చాడు. కన్నతండ్రి. చొక్కా మీద సెంటు వాసన వస్తోందని మామ ఆపేశాడు.

"మామయ్యా, నా బిడ్డని చూసుకోవద్దా?"

"చూసుకో అల్లుడూ. బోరు కాడ తానం చేసి, అంగి మార్చుకోని రా. అప్పటిదాంక కిటికీలకెల్లి చూడు."

మా ఆయన శాంతమూర్తి. బోరు దగ్గర స్నానం చేసి, మామ లుంగీ కట్టుకుని, ఆకుపచ్చ పాసు చేత్తో పట్టుకుని లోపలికి వచ్చాడు. పాపని ఎత్తుకుని ఐదు నిమిషాలు కాలేదు, బయట విజిల్ వినిపించింది. టైమైపోయిందట.

టీకాలు వేసే, బరువు చూసే సిస్టరమ్మ వచ్చినప్పుడు మాత్రం మామ ఇబ్బందిలో పడ్డాడు. ఆమె చేతిలోది మందు, పైగా సర్కారుది. ఆమెని వాకిట్లో నిలబెట్టి నా దగ్గరికి వచ్చి, "కోడలా, ఇది గోడ దాటుతదా?" అని గుసగుసగా అడిగాడు. ఇది ఒంటికి కాపలా నేర్పే మందు మామా, రానియ్యి అన్నాను. ఆయన వెళ్ళి సిస్టరమ్మకి సెల్యూట్ కొట్టాడు. ఆమె ఇన్నేళ్ళ ఉద్యోగంలో తనకి ఎవరూ సెల్యూట్ కొట్టలేదని సంతోషపడి, గడులన్నీ ఓపిగ్గా నింపి వెళ్ళింది.

ఇంకా ఘోరం తొమ్మిదో రోజు జరిగింది. మామకి తలనొప్పి వచ్చి నుదుటికి బామ్ రాసుకున్నాడు. రాసుకున్నాక గుర్తొచ్చింది, అందులో కర్పూరం ఉంటుందని. తన పేరే తను బుక్కులో రాసుకుని, ఎదురుగా 'వాపస్' అని రాసి, తనకి తనే ఎర్ర పాసు ఇచ్చుకున్నాడు. ఆ రోజంతా వాకిట్లో ఎండలో కూర్చుని కిటికీలోంచి పాపని చూశాడు. అమ్మ మజ్జిగ తీసుకెళ్ళి, "తమ్మీ, నీకేమన్న పిచ్చా?" అంది. "రూల్ రూలే అక్కా" అన్నాడు.

శాశ్వత పాసు ఒక్క మనిషికే దొరికింది. పాపకి నీళ్ళు పోసే అవ్వకి. ఆమెది అడవి అంచున పల్లె. పొద్దున్నే షేరింగ్ ఆటోలో వచ్చేది. ఇంట్లో వాళ్ళ భాష వేరు, మాతో తెలుగు. సంతకం గడిలో ఒక చిన్న సున్నా చుట్టేది. కాళ్ళు చాపుకుని, పాపని కాళ్ళ మీద బోర్లా వేసుకుని నీళ్ళు పోస్తుంటే, పాప పెట్టే గోల మెయిన్ రోడ్డు దాకా వినిపించేది. "తిట్టు తల్లీ తిట్టు, నన్ను మంచిగ తిట్టు" అని అవ్వ నవ్వేది.

నిజం చెప్పొద్దూ, నాకు ఇదంతా హాయిగానే ఉంది. కాలేజీలో పిల్లలు నా పాఠం వింటూ ఫోన్లు చూసుకుంటారు. ఇక్కడ ఒక మనిషి నా పాఠం విని కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పైకి విసుక్కున్నాను గానీ లోపల గర్వపడ్డాను.

పదమూడో రోజు నాకు దగ్గు పట్టుకుంది. పొట్ట మీద కుట్లున్న మనిషికి దగ్గు వస్తే ఎలా ఉంటుందో పడ్డవాళ్ళకే తెలుసు. ఒక్కో దగ్గుకి ప్రాణం లేచొచ్చేది. ఖమ్మం నుంచి తెచ్చుకున్న బ్యాగులో, సబ్బులూ తువ్వాళ్ళూ కింద, ఎప్పుడో నా దగ్గుకి డాక్టరు రాసిన మందు సీసా ఉంది. ఒక చెంచా తాగాను. అరగంటలో తగ్గింది. పూటకొక చెంచా చొప్పున రెండు రోజులు తాగాను. సీసా వెనక ఏం రాసి ఉందో చదవలేదు. ఊరందరి సీసాలూ లాక్కుని చదివినదాన్ని, నాది చదవలేదు.

ఆ రెండు రోజుల్లో పాప బుద్ధిమంతురాలైపోయింది. ఏడుపు తగ్గింది. పడుకుంటే పడుకున్నట్టే. పాలకి లేపితే రెండు గుక్కలు తాగి మళ్ళీ కళ్ళు మూసేది. అమ్మ వీధిలో అందరికీ చెప్పుకుంది, మా మనవరాలు బంగారం, తల్లి లెక్క గయ్యాళి కాదని. నాకూ ఒళ్ళు తెలియకుండా నిద్ర పట్టేది. అబ్బ, ఎంత సుఖంగా ఉందో అనుకున్నాను.

మామకి మాత్రం మనసు మనసులో లేదు. ఆయన నోటుబుక్కు చివరి పేజీల్లో పాప ఏడ్చిన టైములు కూడా రాస్తున్నాడని నాకు తెలియదు. పదిహేనో రోజు సాయంత్రం బుక్కు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"కోడలా, నిన్న మూడు సార్లే ఏడ్చింది. ఇయాల పొద్దటిసంది ఒక్కసారి."

"మంచిదే గద మామా. ఏడ్వకపోవుడు గూడ తప్పేనా?"

"బయటికెల్లి ఏది రాలె. బుక్కు మొత్తం చూసిన. అంటే లోపల్నే ఏదో ఉన్నది. నేను గేటు పెట్టకముందు వచ్చింది. నీ బ్యాగు చూడాలె."

"నా బ్యాగా?"

"మిల్లుల గట్లనే బిడ్డా. లోపలికొచ్చేటోన్ని చూస్తం, లోపల ఉన్నోన్ని అంతకంటె ఎక్కువ చూస్తం. ఆఫీసరైనా సరే చేతులెత్తి నిలవడాల్సిందే. నువ్వు చెప్పినవ్ గద, సగం లోపలికి వచ్చినోన్ని గూడ పట్టి గెంటుతరని."

నాకు ఒళ్ళు మండిపోయింది. నిద్రమత్తు, కుట్ల నొప్పి, పైగా సోదా. నోటికి వచ్చింది అనేశాను.

"పది తప్పిన మనిషివి, నా సబ్జెక్టు నాకే చెప్తవా? ఏదో పోనీలే అని ఊకుంటే నన్నే తడుముతా అంటవా? నా బిడ్డకు నేను విషం పెడతనా? పెండ్లాం పిల్లలు లేనోనివి, నీకేం తెలుసు మామా బిడ్డ సంగతి?"

ఆ చివరి మాట నోట్లోంచి బయటపడ్డాక గానీ ఎంత తప్పో తెలియలేదు. మామ నోటుబుక్కు మూశాడు. కుర్చీ మడత పడేది కాదు, అయినా మడవబోయాడు రెండుసార్లు. తర్వాత దాన్ని ఎత్తుకుని తన పోర్షన్‌లోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. రాత్రి అన్నానికి రాలేదు. నేను ఇంకో చెంచా మందు తాగి పడుకున్నాను.

మర్నాడు పొద్దున గుమ్మం దగ్గర ఎవరూ లేకపోయేసరికి అవ్వ అటూ ఇటూ చూసి, సున్నా ఎక్కడ చుట్టాలో తెలియక ఊరికే లోపలికి వచ్చింది. పాపని కాళ్ళ మీద వేసుకుంది. నీళ్ళు పోసింది. పాప గోల చేయలేదు. ఇంకో చెంబు పోసింది. పాప చేయి కాలి పక్క నుంచి కిందికి జారి అలాగే వేలాడింది. అవ్వ చెంబు కింద పెట్టేసింది. పాప అరికాలు మీద వేలితో కొట్టింది, చెంప గిల్లింది, నోట్లో చిటికెన వేలు పెట్టి చూసింది.

"ఇది నిద్ర గాదమ్మా" అంది. "మత్తు."

అమ్మా నేనూ ఒకేసారి లేచాం. అవ్వ నన్ను సూటిగా చూసింది.

"పంతులమ్మా, నువ్వేం తాగినవ్?"

"నేను తాగుడేంది?" అని అరిచాను. ఖమ్మంలో డిగ్రీ పిల్లలకి పాఠాలు చెప్పే దాన్ని, తాగుబోతునని ఎవరైనా అంటే వినాల్సి వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

"కోపం చెయ్యకు. మా కాడ పాలిచ్చే తల్లికి పండగనాడు గూడ ఇప్పసారా పొయ్యరు. అందరికి పోస్తరు, ఆమెకు పొయ్యరు. తల్లి తాగితే పిల్ల గిట్ల అయితది. అందుకే అడిగిన."

"అది ఏం తాగలె అవ్వా, దగ్గుమందు తప్ప" అంది అమ్మ.

ఆ మాట విన్నాక నేను ఎలా లేచానో, బ్యాగు ఎలా బోర్లించానో గుర్తు లేదు. సీసా వెనక చిన్న అక్షరాలు. కోడీన్. ఆ పేరు నేను ఎన్నిసార్లు బోర్డు మీద రాశానో చెప్పలేను. తల్లి కాలేయంలో అది మార్ఫిన్ అనే మత్తుమందుగా మారుతుంది, కొందరిలో తొందరగా, ఎక్కువగా మారుతుంది. పాలలోకి దిగుతుంది. పెద్దవాళ్ళ మెదడు గోడలో ఉన్న ప్రోటీన్లు దాన్ని కొంతవరకైనా వెనక్కి తోస్తాయి. పదహారు రోజుల పిల్లకి ఆ తోసేవాళ్ళు ఇంకా చాలినంత మంది లేరు. ఇదంతా నాకు వచ్చు. బిడ్డ నోట్లో ఎవరో ఏదో పెడతారని భయపడ్డాను గానీ, నా పాలు కూడా బయటి నుంచి వచ్చేవేనని నా బుర్రకి తట్టలేదు.

"మామా!" అని అరిచాను.

ఆయన ఉత్త బనియను మీదే పరిగెత్తుకొచ్చాడు. సీసా చేతిలో పెట్టాను. చదవలేదు, అడగలేదు. నిన్న చెప్పలేదా అని కూడా అనలేదు. అవ్వ వచ్చిన ఆటో ఇంకా రోడ్డు మీదే ఉంది. దాన్ని ఆపి నన్నూ అమ్మనీ పాపనీ ఎక్కించాడు. గోదావరి బ్రిడ్జి మీద లారీలు. మామ ఆటో అంచున నిలబడి, సగం ఒళ్ళు బయటికి వేలాడదీసి, బ్రిడ్జి పొడుగునా విజిల్ ఊదాడు. బనియనూ లుంగీతో ఉన్న మనిషి విజిల్ ఊదుతుంటే లారీలు నిజంగానే పక్కకి తప్పుకున్నాయి. ఒక కారాయన పోలీసనుకుని పూర్తిగా ఆపేసి సీటు బెల్టు పెట్టుకున్నాడు. నేను పాప ముక్కు కింద వేలు పెట్టుకుని కూర్చున్నాను. ఊపిరి తగులుతోంది, ఆగి ఆగి తగులుతోంది.

భద్రాచలం దవాఖానాలో లేడీ డాక్టరు సీసా చూసి, పాప కళ్ళలో లైటు వేసి చూసింది. గుండెకి, ఊపిరికి వైర్లు పెట్టించింది. "చూడమ్మా, ఇంత చిన్న పిల్లలకి మెదడులో..." అని మొదలుపెట్టింది.

"రక్తానికి మెదడుకి మధ్య గోడలో రవాణా ప్రోటీన్లు ఇంకా సరిగా పెరగవు, అందుకని లోపలికి పోతుంది" అని నేను పూర్తి చేశాను.

"మీకెలా తెలుసు?"

"నా పీహెచ్‌డీ ఇదే, మేడమ్."

ఆమె నా వైపు చూసింది. నా జుట్టు, తడిసిన జాకెట్టు, చెప్పుల్లేని కాళ్ళు చూసింది. కాగితం మీద రాసుకుంది. తిట్టి ఉంటే బాగుండేది.

తొందరగానే తెచ్చారు, భయం ఉండకపోవచ్చు, కనిపెట్టుకుని ఉండాలి అంది. ఒంట్లోంచి మందు పోయేదాకా నా పాలు పట్టకూడదు. పిండి పారబోయాలి. పాపకి డబ్బా పాలు చెంచాతో పట్టాలి. రేపు పొద్దున మళ్ళీ చూసి చెప్తానంది.

పారబోశాను. చేతులు కడుక్కునే సింకు దగ్గర నిలబడి పిండి పారబోశాను. ఎనిమిదేళ్ళు ఎదురుచూసిన బిడ్డకి వచ్చిన పాలు జాలీలోంచి కిందికి పోతుంటే, నా మీద నాకు పుట్టిన అసహ్యం ఇంతా అంతా కాదు. వెనక్కి వచ్చి మామ దగ్గర నిలబడ్డాను. నిన్న అన్న మాటకి క్షమించమని అడగాలి. నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది.

"మామా, నన్ను వార్డులకు రానియ్యకు. దాన్ని ఎత్తుకుంటే పాలియ్యకుండ ఉండలేను. నా మీద నాకు నమ్మకం లేదు."

"సరే" అన్నాడు. లోపల అమ్మ చెంచా పట్టుకుని పాప పక్కన కూర్చుంది. మామ వార్డు గుమ్మంలో నిలబడ్డాడు.

మధ్యాహ్నం పన్నెండు దాటింది, ఒంటిగంట దాటింది. నేను వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. లోపల ఎవరెవరి పిల్లలో ఏడుస్తున్నారు, మాది లేదు. ఎవరి బిడ్డ ఏడ్చినా ఆ తల్లి ఎంత అదృష్టవంతురాలో అనిపించింది. మూడు కావస్తుండగా ఒక కూత వినిపించింది. సన్నగా, బొంగురుగా, సగంలో ఆగి మళ్ళీ మొదలైంది. తర్వాత గుక్క పట్టింది. అది నా కూతురి గొంతు. నిద్ర లేపినందుకు, ఆకలేసినందుకు, ప్రపంచం మొత్తం మీద కోపంతో ఏడుస్తోంది. నాకు పట్టరాని సంతోషం వచ్చింది. ఏడుస్తూ నవ్వాను. వరండాలో కూర్చున్నవాళ్ళు నన్ను చూసి పక్కకి జరిగారు.

ఆ ఏడుపుకి నా పాలు వాటంతటవే వచ్చేశాయి, జాకెట్టు తడిసిపోయింది. చెంచా కాదు, డబ్బా కాదు, దానికి నేను కావాలి. లేచి గుమ్మం దగ్గరికి వెళ్ళాను. మామ రెండు చేతులూ చాపి అడ్డం నిలబడ్డాడు.

"ఒక్కసారి మామా. ఎత్తుకుంట, గంతే. పాలియ్య."

"రేపు పొద్దుగాల బిడ్డా."

"నా బిడ్డ మామా అది. ఆకలికి ఏడుస్తున్నది."

"అవ్, ఏడుస్తున్నది" అన్నాడు. "రేపు."

నేను ఆయన చేతుల కింది నుంచి దూరబోయాను, ఛాతీ మీద పిడికిళ్ళతో గుద్దాను. ఆయన ఏడ్చాడు, కళ్ళు తుడుచుకోవడానికి కూడా చేతులు దించలేదు, పక్కకి జరగలేదు.